ఒమేగా సెంటారి నడిబొడ్డున కృష్ణబిలం ఉందా? ఉంటే దాన్ని వెతికేదెలా?

కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. "మే నెలలో మైపాడు బీచ్ నుంచి ఆరంగుళాల టెలిస్కోప్‌తో ఒమేగా సెంటారి చూశాను సార్. తెల్లటి దూది ముద్దలా కనిపించింది. దాని మధ్యలో బ్లాక్ హోల్ దొరికిందని ఒక వీడియోలో చెప్పారు, అలాంటిదేమీ లేదని ఇంకో వీడియోలో చెప్పారు. ఏది నమ్మాలి? అసలు కనపడని దాన్ని అన్ని నక్షత్రాల మధ్య ఎలా వెతుకుతారు? నా దగ్గర మామూలు లాప్‌టాప్ ఉంది. నేను కూడా వెతకొచ్చా?"

ఒమేగా సెంటారి ఒక గోళాకార గుచ్ఛం, అంటే లక్షల నక్షత్రాలు బంతిలా ముద్దకట్టిన గుంపు. నేను పీహెచ్‌డీ చేసింది ఇలాంటి గుచ్ఛాల్లో నక్షత్రాల వేగాల మీదే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా నెల్లూరులో ఫిజిక్స్ పాఠాలు చెబుతున్నా, ఆ కొలతలతో పని చేయడం మానలేదు. కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను, ఓపికగా చదువు నాయనా.

ముందు సూటి జవాబు. ఆ కృష్ణబిలం నీ టెలిస్కోప్‌లోనే కాదు, ఇప్పుడున్న ఏ టెలిస్కోప్‌లోనూ కంటికి కనపడదు. వెతకడం మాత్రం నీ లాప్‌టాప్‌తో ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు, ఎందుకంటే కావలసిన కొలతల్లో చాలా భాగం ఉచితంగా దొరుకుతోంది. ఆ రెండు వీడియోలూ తొందరపడ్డాయి. విషయం ఇంకా తేలలేదు.

ఎందుకు కనపడదో లెక్క చూడు. ఒమేగా సెంటారి మనకు సుమారు 17,700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉందనుకుంటే దాని వ్యాసం 48,000 కిలోమీటర్ల చిల్లర వస్తుంది. మన భూమిలాంటివి నాలుగు పక్కపక్కన పెడితే దాదాపు అంత. 2019లో ఫొటో బయటికొచ్చిన ఎం87 గెలాక్సీ కృష్ణబిలం 650 కోట్ల సూర్యుల బరువుంది, చుట్టూ వేడి వాయువు వెలుగుతోంది, అందుకే ఆ ఫొటో వచ్చింది. గోళాకార గుచ్ఛాల్లో వాయువు దాదాపు ఉండదు. మింగడానికి ఏమీ దొరకని కృష్ణబిలం వెలుగివ్వదు. పక్కనున్న నక్షత్రాల నడకను బట్టే దాని జాడ తెలియాలి.

అయితే గుచ్ఛాల్లోనే ఎందుకు వెతకాలి? ఒమేగా సెంటారిలో కోటి దాకా నక్షత్రాలున్నాయి. ఇలాంటి గుచ్ఛాలు పుట్టి 1,000 కోట్ల సంవత్సరాలు దాటింది. మొదట్లో పుట్టిన భారీ నక్షత్రాలు కొన్ని పదుల లక్షల నుంచి కొన్ని కోట్ల సంవత్సరాల్లోనే కాలిపోయి, వాటిలో బాగా బరువైనవి కృష్ణబిలాలుగా మారి ఉండాలి. ఒక్కో పెద్ద గుచ్ఛంలో అలాంటివి వందల సంఖ్యలో పుట్టి ఉంటాయి. అవి ఎక్కడికి పోయాయి అన్నదే అసలు ప్రశ్న.

మా అమ్మ మొలగొలుకులు చెరుగుతుంటే చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేవాణ్ణి. చేటను ఆమె ఎగరేసే ప్రతిసారీ పొట్టు ముందుకు జరిగి కొసకు వచ్చేది, నిండు గింజ లోపలికి చేరేది. ఆమె ఏ గింజనూ చేత్తో పట్టి వేరు చేయలేదు. ఆ ఊపులోనే తేలికది బయటికి, బరువైనది లోపలికి సర్దుకునేది. గుచ్ఛంలోనూ జరిగేది దాదాపు ఇదే, కాకపోతే అక్కడ ఊపు ఇచ్చేది గురుత్వాకర్షణ. రెండు నక్షత్రాలు దగ్గరగా వచ్చి దాటిపోయినప్పుడల్లా బరువైనది తన వేగంలో కొంత తేలికదానికి ఇచ్చేస్తుంది. వేగం పోగొట్టుకున్న బరువైనది మధ్యకు జారుతుంది. వేగం పుంజుకున్న తేలికది అంచులకు పోతుంది.

ఈ జారడాన్ని మొదట లెక్కగట్టి చూపించింది మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన ఆయన 1943లో ఈ పని ప్రచురించారు. బరువైన వస్తువు నక్షత్రాల మధ్య నుంచి పోతుంటే దాని లాగుడుకు వెనక నక్షత్రాలు కాస్త చిక్కగా పోగవుతాయి, ఆ పోగు దాన్ని వెనక్కి లాగుతుంది. నీళ్ళలో నడిచేవాడికి కాళ్ళు బరువెక్కినట్టు. చంద్రశేఖర్ పేరు చెప్పగానే పిల్లలందరూ శ్వేత కుబ్జాల (చిన్న నక్షత్రాలు కాలిపోయాక మిగిలే ముద్దల) బరువుకు ఉండే 1.4 సూర్యుల హద్దు గురించే చెబుతారు. ఈ రెండో పని కూడా తెలిసి ఉండాలని నా పట్టుదల, ఎందుకంటే గుచ్ఛాల్లో కృష్ణబిలాల వేటంతా దీని మీదే నిలబడి ఉంది.

ఇక్కడే చాలాకాలం ఒక పెద్ద అడ్డు వచ్చింది. మధ్యకు చేరిన కృష్ణబిలాలు అక్కడ తమలో తామే చిన్న గుంపు కడతాయి. మూడు కలిసినప్పుడల్లా ఒకటి విసురుగా బయటికి పోతుంది. 1993లో శ్రీనివాస్ కులకర్ణి, పీట్ హట్, స్టీవ్ మెక్‌మిలన్ చేసిన లెక్కల ప్రకారం, అలా ఒకదాన్నొకటి గెంటేసుకుని చివరికి ఏ కొద్దో మాత్రమే మిగలాలి. ఆ లెక్క చూసి, గుచ్ఛాల్లో వెతకడం దండగ అనుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పరిశోధనలో చేరినప్పుడు కూడా గాలి అటే వీస్తోంది.

దాన్ని మార్చింది ఎం22. ధనుస్సు రాశిలో ఉండే ఈ గుచ్ఛం సుమారు 10,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. జే స్ట్రేడర్, లారా చోమియుక్ వాళ్ళ జట్టు అమెరికాలోని రేడియో టెలిస్కోపుల వరుసతో దాని మధ్యలో ఒక పెద్ద కృష్ణబిలం ఉందేమోనని వెతికింది. పెద్దది దొరకలేదు. మధ్యకు కాస్త పక్కగా రెండు చిన్న రేడియో చుక్కలు దొరికాయి. తోటి నక్షత్రం నుంచి కొద్దికొద్దిగా వాయువు లాక్కుంటున్న మామూలు కృష్ణబిలాల లక్షణాలు వాటిలో కనిపించాయి. 2012లో అది ప్రచురించారు. అలా వాయువు దొరికి వెలిగేవి ఎప్పుడూ కొన్నే కాబట్టి, చీకట్లో ఉన్నవి ఇంకెన్నో ఉండాలి. ఎం22 మొత్తంలో 5 నుంచి 100 దాకా ఉండొచ్చని వాళ్ళ అంచనా. అక్కడి నుంచి పాత లెక్కలన్నీ తిరగరాయాల్సి వచ్చింది.

ఇక అసలు వెలుగే లేనివాటి సంగతి. రాత్రిపూట, కరెంటు లేదు, దూరంగా గానుగ ఆడుతోందనుకో. గానుగెద్దు మెడలో ఒక లాంతరు కట్టారు. నీకు గానుగ కనపడదు, లాంతరు మాత్రం దగ్గరికి వస్తూ, దూరం పోతూ, మళ్ళీ దగ్గరికి వస్తూ ఉంటుంది. నాలుగు చుట్లు చూస్తే చాలు, అది దేని చుట్టో తిరుగుతోందని ఒట్టేసి చెప్పొచ్చు. చుట్టుకు పట్టే సమయం, లాంతరు వేగం తెలిస్తే, ఆకాశంలో అయితే మధ్యలో ఉన్నదాని బరువు కూడా చెప్పొచ్చు.

ఎన్‌జీసీ 3201 అనే గుచ్ఛంలో సరిగ్గా ఇదే దొరికింది. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌కు మ్యూజ్ అనే పరికరం ఉంది. గుచ్ఛాన్ని ఒక్కసారి చూస్తే అందులోని వేల నక్షత్రాల వర్ణపటాలు విడివిడిగా తీస్తుంది, వాటి నుంచే వేగాలు తెలుస్తాయి. బెంజమిన్ గీజర్స్ జట్టు ఏళ్ళ తరబడి అదే గుచ్ఛాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది. ఒక నక్షత్రం, మన సూర్యుడిలో 0.8 వంతు బరువున్నది, మన వైపు వచ్చే వేగం సెకనుకు 100 కిలోమీటర్లకు పైగా మారుతూ, ప్రతి 167 రోజులకూ అదే తీరు మళ్ళీ వస్తోంది. అది దేని చుట్టూ తిరుగుతోందో ఆ వస్తువు కనీసం 4.36 సూర్యుల బరువుండాలి, అక్కడ వెలుగు మాత్రం లేదు. అంత బరువున్న మామూలు నక్షత్రమైతే ఆ గుచ్ఛంలో అన్నిటికన్నా ముందు అదే కనపడేది. భారీ నక్షత్రం పేలాక మిగిలే చిన్న, గట్టి ముద్దను న్యూట్రాన్ నక్షత్రం అంటారు, అది అంత బరువు ఉండలేదు. 2018లో వచ్చిన ఈ పరిశోధన నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. తర్వాత అదే గుచ్ఛంలో మరో రెండు అలాంటివి ఉన్నట్టు అదే జట్టు చూపించింది.

ఇప్పుడు నీ ఒమేగా సెంటారికి వద్దాం. అక్కడ వెతికేది నాలుగైదు సూర్యుల బిలాన్ని కాదు, వేల సూర్యుల బరువున్నదాన్ని. ఒమేగా సెంటారి ఒకప్పుడు చిన్న గెలాక్సీ అనీ, మన పాలపుంత దాన్ని మింగేశాక మిగిలిన నడిగుజ్జే ఇదనీ చాలామంది భావిస్తున్నారు. అదే నిజమైతే మధ్యలో ఒక నడిమి తరహా కృష్ణబిలం ఉండాలి. మామూలు బిలాలకూ గెలాక్సీల మధ్యనుండే మహా బిలాలకూ నడుమ ఉండే ఈ తరహా చాలా అరుదు, అందుకే ఇంత ఆరాటం. 2008లో ఒక జట్టు 40,000 సూర్యుల బరువు అంది. 2010లో ఇంకో జట్టు 12,000 మించదంది. విచిత్రమేమిటంటే గుచ్ఛానికి నడిమధ్య బిందువు ఎక్కడన్న దాంట్లోనే రెండు జట్లకూ తేడా వచ్చింది. అంత కిక్కిరిసిన చోట మధ్యను గుర్తించడమే ఒక పని.

2024 జూలైలో హైడెల్‌బర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ ఖగోళ సంస్థకు చెందిన మాక్సిమిలియన్ హెబర్లే జట్టు కొత్త ఆధారం చూపించింది. హబుల్ టెలిస్కోప్ 20 ఏళ్ళలో తీసిన 500కు పైగా ఫొటోలు. వాటిలో చాలా వరకు హబుల్ కెమెరాలను సరిచూసుకోవడానికి తీసినవే, కృష్ణబిలం కోసం తీసినవి కావు. వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి సరిపెట్టి 14 లక్షల నక్షత్రాల నడకను కొలిచారు. నడిమధ్యన, కాంతి సంవత్సరంలో నాలుగో వంతు వ్యాసార్ధం లోపల, ఏడు నక్షత్రాలు ఉండకూడనంత వేగంగా పోతున్నాయి. అక్కడ సెకనుకు 62 కిలోమీటర్లు దాటిన నక్షత్రం గుచ్ఛం వదిలి పారిపోవాలి. ఇవి దాటాయి, అయినా అక్కడే ఉన్నాయి. వాటిని పట్టి ఉంచాలంటే కనీసం 8,200 సూర్యుల బరువు కావాలి.

ఆ కొలత ఎంత సన్ననిదో ఒక్కసారి వేసి చూడు. 17,700 కాంతి సంవత్సరాల దూరంలో సెకనుకు 62 కిలోమీటర్లంటే ఆకాశంలో ఏడాదికి ఒక ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3,600వ వంతులో) వెయ్యో వంతుకు రెండున్నర రెట్ల లోపే. హబుల్ కెమెరాలో ఒక పిక్సెల్ ఆర్క్ సెకనులో నూరో వంతుకు నాలుగు రెట్లు. అంటే 20 ఏళ్ళు పరుగెత్తితే ఆ నక్షత్రం ఫొటోలో ఒక పిక్సెల్ కంటే కాస్త ఎక్కువ జరుగుతుంది. నేను ఈ లెక్క క్లాసులో బోర్డు మీద వేయించినప్పుడు పిల్లలు రెండోసారి సరిచూస్తారు.

మరి లేదన్నవాళ్ళ మాటేమిటి? వాళ్ళ వాదనలోనూ బలముంది. ఒమేగా సెంటారిలో పల్సార్లు దొరికాయి. పల్సార్ అంటే గిరగిర తిరుగుతూ లయగా రేడియో టిక్కులు పంపే న్యూట్రాన్ నక్షత్రం, తప్పని గడియారం. దాన్ని ఏదైనా లాగుతుంటే ఆ టిక్కు లయలో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాలనూ నక్షత్రాల వేగాలనూ కలిపి చూసిన ఇంకో జట్టు, మధ్యలో ఒకే పెద్ద బిలం ఉంటే అది 6,000 సూర్యులు మించకూడదనీ, అక్కడి కనపడని బరువులో చాలా భాగం చిన్న కృష్ణబిలాలు, న్యూట్రాన్ నక్షత్రాలు, శ్వేత కుబ్జాలు కలిసిన గుంపుదనీ తేల్చింది. రేడియోలో ఎంత సేపు చూసినా అక్కడ ఏమీ వెలగడం లేదు. నా మటుకు నాకు ఏడు నక్షత్రాల సాక్ష్యం గట్టిగానే అనిపిస్తుంది, ఎందుకంటే గుంపు బరువు విస్తరించి ఉంటుంది, అంత చిన్న చోట అంత వేగం పుట్టించడం దానికి కష్టం. అయినా ఆ నక్షత్రాలు మన వైపు వస్తున్న వేగాలు కూడా కొలిచి, వాటి దారి వంగుతోందని చూపించేదాకా తేలిందని నేను అనను.

ఇలా ఉందనుకుని వెనక్కి తగ్గిన సందర్భాలు చాలా ఉన్నాయి. 2002లో ఎం15 గుచ్ఛం మధ్యలో కొన్ని వేల సూర్యుల బిలం ఉందన్నారు, న్యూట్రాన్ నక్షత్రాలూ శ్వేత కుబ్జాలూ మధ్యలో పోగైనా అదే ఫలితం వస్తుందని తర్వాత తేలింది. పాలపుంత పక్కనున్న పెద్ద మాగెలాన్ మేఘంలోని ఎన్‌జీసీ 1850లో 11 సూర్యుల బిలం దొరికిందని 2021లో ఒక జట్టు ప్రకటించింది. కరీమ్ ఎల్-బద్రీ, కెవిన్ బర్జ్ మరుసటి ఏడాదే ఇంకో దారి చూపారు. కనపడే నక్షత్రం పై పొరలు ఊడిపోయిన తేలిక నక్షత్రమైతే, పక్కనున్నది బిలం కానక్కర్లేదు. కనపడేదాని బరువు తప్పుగా వేసుకుంటే కనపడనిదాని బరువూ తప్పుతుంది.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. నక్షత్రాల స్థానాలూ నడకలూ కొలిచిన గైయా ఉపగ్రహం లెక్కలతో ఒక గుచ్ఛం మధ్యభాగం చూస్తుంటే మూడు నక్షత్రాలు మిగతావాటికి రెండింతల వేగంతో పోతున్నట్టు వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. పొద్దున్నే మా గైడ్‌గారికి రాశాను. ఆయన ఒకే మాట అడిగారు: "రూవె ఎంత?" గైయా పట్టికలో ప్రతి నక్షత్రం పక్కనా ఆ పేరుతో ఒక అంకె ఉంటుంది. అది 1 దగ్గరుంటే కొలత బాగున్నట్టు, 1.4 దాటితే అనుమానించాలి. నా మూడింటికీ 3కు పైన ఉంది. హబుల్ ఫొటో తీసి చూస్తే మూడు చోట్లా రెండేసి నక్షత్రాలు అంటుకుని ఉన్నాయి. గైయా వాటిని ఒకసారి ఒకటిగా, ఇంకోసారి ఇంకోలా చూసి, లేని పరుగును లెక్కగట్టింది. అప్పటి నుంచి నేను వేగం కాలమ్ కంటే ముందు రూవె కాలమ్ చూస్తాను. నువ్వూ అలాగే చెయ్యి.

దూరంగా ఉన్నవే కాదు, మనకు బాగా తెలిసిన చోటా వెతుకుతున్నారు. రోహిణి నక్షత్రం చుట్టూ ఇంగ్లీషు వీ ఆకారంలో ఉండే గుచ్ఛం సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. రోహిణి మాత్రం దానిది కాదు, ముందువైపు 65 కాంతి సంవత్సరాల దగ్గర ఉంటుంది. ఆ గుచ్ఛం ఇప్పుడున్న తీరు రావాలంటే అందులో రెండు మూడు కృష్ణబిలాలు ఉండి ఉండాలి, లేదా ఈమధ్యే బయటికి పోయి ఉండాలి అని 2023లో కంప్యూటర్ నమూనాలతో చూపించారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మాత్రం చూడబోకు, అప్పుడు సూర్యుడు అక్కడే ఉంటాడు. సంక్రాంతి రోజుల్లో సాయంత్రం చూడు. శ్రవణం ఉన్న గరుడ రాశిలో దాదాపు 2,000 కాంతి సంవత్సరాల దూరంలో, 33 సూర్యుల బరువున్న బిలాన్ని 2024లో గైయా పట్టింది. అది ఎప్పుడో విచ్చిపోయిన ఒక గుచ్ఛం నుంచి మిగిలిన నక్షత్రాల ధారతో పాటు సాగుతోంది.

ఇక నీ పని. ఆకాశం చూడటానికి మైపాడు కంటే ఉదయగిరి వైపు వెళ్ళు. మైపాడులో దక్షిణ దిక్కున కృష్ణపట్నం పోర్టు వెలుగు, రొయ్యల చెరువుల లైట్లు ఉంటాయి. ఒమేగా సెంటారి మనకు ఎంత ఎత్తుకెక్కినా దిగంతం నుంచి 28 డిగ్రీలే, అది సరిగ్గా ఆ వెలుగు వైపే వస్తుంది. దాన్ని పట్టుకోవడం తేలిక: చిత్త నక్షత్రం దక్షిణాన నిట్టనిలువు గీత మీదికి వచ్చినప్పుడు, చెయ్యి చాచి పట్టిన పిడికిళ్ళు మూడున్నర కిందికి దిగు. ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రికి, మే మధ్యలో పదింటికి ఆ స్థితి వస్తుంది. చైత్ర పున్నమికి చంద్రుడు చిత్త దగ్గరే ఉంటాడు కాబట్టి అమావాస్య వారం పెట్టుకో.

లాప్‌టాప్ పని ఒమేగా సెంటారితో మొదలుపెట్టకు. దాని నడిమధ్య గైయాకు మరీ కిక్కిరిసిపోయింది. జ్యేష్ఠ నక్షత్రానికి ఒకటిన్నర డిగ్రీల లోపే ఉన్న ఎం4 తీసుకో. మనకు బాగా దగ్గరి గోళాకార గుచ్ఛాల్లో ఒకటి, 6,000 కాంతి సంవత్సరాలు, కాస్త పలచన కూడా. దాని మధ్యలో 800 సూర్యుల కనపడని బరువు ఉందని హబుల్, గైయా కొలతలు కలిపి 2023లో చూపించారు. అది ఒకే బిలమా, చిన్నవాటి గుంపా అన్నది వాళ్ళకూ తేలలేదు. కాబట్టి నువ్వు పని చేసేది జవాబు తెలిసిన లెక్క మీద కాదు.

గైయా ఆర్కైవ్‌లో ఎం4 చుట్టూ అర డిగ్రీ లోపలి నక్షత్రాలన్నీ దించుకో. రూవె 1.4 దాటినవి తీసెయ్యి, తీసినవి ఎన్నో రాసిపెట్టుకో. తూర్పు పడమరల నడక ఒక అక్షం మీద, ఉత్తర దక్షిణాల నడక ఇంకో అక్షం మీద వేసి చుక్కలు పెట్టు. దారిన పోయే నక్షత్రాలన్నీ సున్నా చుట్టుపక్కల చెల్లాచెదురుగా పడతాయి. ఎం4 నక్షత్రాలు ఏడాదికి పడమరకు 12.5, దక్షిణానికి 19 మిల్లీ ఆర్క్ సెకన్ల దగ్గర విడిగా, గట్టిగా ఒక ముద్ద కడతాయి. ఆ ముద్దలోని నక్షత్రాలను మాత్రం తీసుకుని, మధ్య నుంచి దూరాన్ని బట్టి వలయాలుగా విడగొట్టి, ఒక్కో వలయంలో వేగాలు ఎంత చెదురుతున్నాయో చూడు. లోపలికి పోయేకొద్దీ ఆ చెదురు ఎలా పెరుగుతుందన్న దాంట్లోనే కనపడని బరువు ఉంటుంది. గ్రాఫ్ తయారయ్యాక నాకు పంపు, రూవె చూసి తీసేసిన నక్షత్రాల లెక్క కూడా కింద రాయి.